జనవరిలోనే వెళ్తానన్నాను

మా ముత్తాతగారు ఈ కాలువ గట్టు మీద మొదటి ఉపదేశి. ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఆయన్ని తరవాత దొరలు పాస్టరుని చేశారు. అప్పటినుంచి చుట్టుపక్కల పేటలన్నిటికీ ఆయన ‘అయ్యగారు’. పాలకొల్లు వెళ్లే లాంచీ మా రేవులో ఆగాల్సిన పని లేదు. ఆయన గట్టు మీద నిలబడితే ఆగేది. మా తాతగారు మిషను బోర్డింగు స్కూలు హెడ్మాస్టరు. తగువు పడ్డవాళ్లు ఆయన మాట విన్నాక ఇంకో పెద్దమనిషి గడప తొక్కేవారు కాదు. మా నాయనమ్మ గుడిలో లెగ్ హార్మోనియం ముందు కూర్చున్న మొదటి తెలుగావిడ. అంతకు ముందు ఆ స్టూలు మీద దొరసాని తప్ప ఎవరూ కూర్చోలేదు. నాయనమ్మ తరవాత మా అమ్మ, అమ్మ తరవాత నేను.

మేం ఎంత ఎత్తునుంచి పడ్డామో తెలియనివాళ్లకు నా పంతం అర్థం కాదు. అందుకే ముందు ఇది చెప్పాను.

మిషను డబ్బు ఆగిపోయాక బోర్డింగు మూసెయ్యమన్నారు. తాతగారు మూయలేదు. చేలు ఒక్కొక్కటే అమ్మి పిల్లలకు అన్నం పెట్టారు. ఆయన పోయేనాటికి కాలువ అవతల అరెకరం కొబ్బరితోట తప్ప చేలూ లేవు, బోర్డింగూ లేదు. ఆ అన్నం తిని పైకొచ్చినవాళ్లలో ఒకాయన తన కూతురికి ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకున్నాడు. అల్లుడు కాలువల్లో పూడిక తీయించే కాంట్రాక్టరు. మనిషి చలాకీ, చెయ్యి ధారాళం, నాలుక అంతకన్నా ధారాళం. తొంభైల చివర్లో, నేను రాజమండ్రిలో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నప్పటికి, మా సంఘానికి సెక్రటరీ ఆయనే. అంతకు ముందు ఆ పని మా నాన్నది.

నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. మెత్తని మనిషి. తాతగారి గొంతు ఆయనకు రాలేదు, తాతగారి నడుము మాత్రం వచ్చింది. ఎక్కడ కూర్చున్నా నిటారుగా కూర్చునేవారు.

ఒక ఆదివారం నేను హాస్టలు నుంచి ఇంటికొచ్చి ఉన్నాను. ఆరాధన అయ్యాక గుడి వరండాలో కమిటీ కూర్చుంది. నేను లోపల హార్మోనియానికి దుప్పటి కప్పుతున్నాను. పాత గుడి పక్కనే కొత్త గుడి లేస్తోంది. అది పూర్తవగానే పాతది పడగొట్టి ఆ జాగాలో కల్యాణమండపం కట్టాలని కాంట్రాక్టరుగారి ఆలోచన.

నాన్న అన్నారు: “కొత్తది కట్టండి, నేను కాదనను. పాతదాన్ని ఆదివార బడికి ఉంచండి. గోడలు గట్టిగానే ఉన్నాయి కదండీ.”

“మాస్టారూ,” అన్నాడు ఆయన, నవ్వుతూనే, “మీ ఇంట్లోవాళ్లకి వాయించడం వచ్చండి. ఆ పని మీరు చూసుకోండి. మాట్లాడ్డం మేం చూసుకుంటాం.”

నవ్వారు. ఒకరిద్దరు కాదు, వరండా అంతా నవ్వింది. అందులో మా తాతగారి చేతి అన్నం తిన్నవాళ్లు ఉన్నారు. కిటికీలోంచి నాకు ఒక్కొక్క నోరూ కనిపించింది.

“ఆయ్, అలాగేనండి,” అని నాన్న గొడుగు తీసుకుని లేచారు. ఆ తరవాత ఆయన సంఘంలో నోరు విప్పి ఏ సంగతీ మాట్లాడలేదు.

క్షమించమని మాకు చిన్నప్పటినుంచీ నేర్పారు. నేను బాగా చదువుకున్న పిల్లనే కానీ ఆ పాఠం నాకు రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆ వేసవికి ముందే మా కాలేజీలో ఒక కబురు తెలిసింది. అమెరికాలో మా మిషనువాళ్లదే ఒక చిన్న కాలేజీ ఉంది. వాళ్లు మూడో ఏడు చదివే ఒక విద్యార్థిని ఒక టర్ము పాటు తీసుకుంటారు. సొంత సంఘం మంచి మాట చెప్పాలి, మార్కులుండాలి. నాకు మార్కులున్నాయి. మా బోటనీ మేడం నన్ను ల్యాబులోకి పిలిచి, సూక్ష్మదర్శినులు తుడుస్తూ వివరంగా చెప్పింది. గాలి ఇటు తిరిగి పేపరు మిల్లు వాసన గది నిండా ఉంది.

“ఎప్పుడెళ్లాలో ఇప్పుడే తేల్చుకో. ఆగస్టు టర్ము ఉంది, జనవరి టర్ము ఉంది. డిగ్రీ అయ్యాక చూద్దామనుకుంటే ఈ సీటు ఉండదు. ఆగస్టులో వెళ్లావనుకో, ఒక టీచరుగారు తోడుంటారు, విమానం ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. క్రిస్మస్‌కి వచ్చేస్తావు. మార్చిలో పరీక్షలు రాసుకుంటావు. హాయి.”

“జనవరిలో అయితేనండి?”

“జనవరిలో వెళ్తే మార్చి పరీక్షలు ఎవరు రాస్తారు, మీ నాన్నా? ప్రాక్టికల్స్ మార్చిలో తప్ప పెట్టరు. ఏడాది పోద్ది. పైగా టిక్కెట్టు మనదే. ఆ మాట ఎందుకులే, ఆగస్టని చెప్పెయ్యనా?”

చెప్పెయ్యమన్నాను. అప్పటికి నాకు వేరే ఉద్దేశం లేదు. చదువు మీద ఆశ ఉంది, నేర్చుకోవాలని ఉంది. ఆ రోజు లాలాచెరువు దగ్గర బస్సెక్కి ఊళ్లో దిగి, తాతగారు ఉంటే ఎలా నడిచేవారో అలా నడుచుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాడే కాంట్రాక్టరుగారు మా ఇంటికొచ్చాడు. మా గడపలోకి రావడం అదే మొదలు. చేతిలో యాపిల్ పండ్ల సంచీ.

“వందనాలండి మాస్టారూ. అమ్మాయి అమెరికా వెళ్తందంట! మన సంఘానికే పేరండి. సంఘం తరపున ఏం కావాలన్నా నేను రాసిచ్చేస్తాను. ఆగస్టేగా?”

“ఆగస్టేనండి,” అన్నారు నాన్న.

“ఇంక మారదుగా? మంచిది మంచిది. ఆలస్యం చెయ్యకండి. ఇలాంటివి వెంటనే అయిపోవాలి.” అన్నట్టుగానే ఆ వారంలోనే అప్పటి పాస్టరు అయ్యగారి చేత, కమిటీ చేత నా గురించి గొప్పగా రాయించి పంపించాడు. అందులో టర్ము మాట లేదు. నేను యోగ్యురాలినని, పంపడం సంఘానికి సంతోషమని మాత్రమే ఉంది.

పండ్లు మా అమ్మ ముట్టుకోలేదు.

“ఆయనకి నీ చదువు మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచే?” అంది.

“పోనీలే అమ్మా, సాయం చేశాడు.”

“సాయమా? ప్రతిష్ఠ డిసెంబరు మొదటి ఆదివారం పెట్టాడు, తెలుసా? ఎమ్మెల్యేగారు వచ్చి కొత్త గుడి రిబ్బను కత్తిరిస్తారంట. తాడేపల్లిగూడెం నుంచి కీబోర్డు వాయించే కుర్రాణ్ణి మాట్లాడాడంట. నా మోకాళ్లు ఆ పెడళ్లు తొక్కలేవని ఊరందరికీ ఎరికే. నువ్వు ఆగస్టులో వెళ్లిపోతే ఆ రోజు ఆ గుళ్లో మనవాళ్లు ఎవరుంటారు? మాట్లాడ్డానికి మనం పనికిరామని ఎప్పుడో అన్నాడు. వాయించడానికి కూడా లేకుండా పోతాం. అంతే.”

మా అమ్మ ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ మాటలు కూడా బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది. కానీ నాకు ఒంట్లో వేడి పుట్టింది. నేను గెలుచుకున్న సీటుతోనే ఆయన మమ్మల్ని బయటికి తోస్తున్నాడు. పైగా యాపిల్ పండ్లు తెచ్చాడు.

జనవరిలో వెళ్తానని ఆ రోజే తేల్చుకున్నాను.

ఇక్కడ మా కీర్తన సంగతి చెప్పాలి. మా ముత్తాతగారు ఈ గుడి కోసం ఒక కీర్తన కట్టారు. కాలువ వెంట ఏ పేట సంఘంలో చేరితే ఆ పేటకు ఒక చరణం కలిపేవారు. ఆయన తరవాత తాతగారూ అలాగే కలిపారు. ఎవరి చరణం వచ్చినప్పుడు ఆ పేటవాళ్లు లేచి నిలబడి పాడతారు. అదంతా పాడితే చాలా పొడుగు. అందుకని మామూలు రోజుల్లో ఎవరికీ తక్కువ కాకుండా మొదటి మూడు చరణాలు, పేటల పేరు రానివి, పాడి ముగిస్తారు. నాలుగోది ఎత్తుకున్నారంటే మాత్రం ఇక చివరిదాకా పాడాల్సిందే. ఒక పేటది పాడి ఇంకో పేటది వదిలేస్తే వదిలేసినవాళ్లు మళ్లీ గుడికి రారు. ఇంకొక కట్టుబాటు ఉంది. హార్మోనియం మీద మూడుసార్లు ఆమేన్ పలికేదాకా ఎవరూ గుడి బయటికి అడుగు పెట్టకూడదు. ఎంతటివాళ్లయినా సరే.

కాంట్రాక్టరుగారు ఇల్లరికం వచ్చినవాడు. ఆయన విన్నవి ఆ మూడు చరణాలే. ప్రతిష్ఠ రోజున పాత గుడిలోంచి కొత్త గుడికి ఊరేగింపుగా బయలుదేరేటప్పుడు కీర్తన హార్మోనియం మీదే ఉండాలని పేటల పెద్దవాళ్లు పట్టుబడతారని నాకు తెలుసు. నేను ఊళ్లో ఉంటే ఆయన కాదనలేడు.

మేడం తిట్టిన తిట్లు నాకిప్పటికీ వినబడుతున్నాయి.

“నీకేమైనా పిచ్చా? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?”

“బానే ఉన్నారండి. డిసెంబరులో మా గుడి ప్రతిష్ఠ మేడం. నేను ఉండాలి.”

“గుడి కోసం ఏడాది పోగొట్టుకుంటావా? ఏం భక్తే నీది!”

అది భక్తి కాదని నేను చెప్పలేదు. ఆవిడ అమెరికావాళ్లకు రాసి నన్ను జనవరికి మార్పించింది. వాళ్లకు ఏ టర్మయినా ఒకటే.

నాన్నకు చెప్పాను. “నీ ఏడాది కదమ్మా,” అన్నారు. “వాడి కోసం పాడుచేసుకుంటావా?”

“వాడి కోసం కాదు నాన్నా. మీ కోసం.”

“నా పేరు చెప్పకు. నేను అడగలేదు,” అన్నారు. కోపంగానే అన్నారు. కానీ వద్దని మాత్రం అనలేదు.

అక్టోబరు నుంచి సెలవు దొరికిన ప్రతిసారీ నేను పేటలకు వెళ్లాను. మా అమ్మ రాలేకపోయినా గుర్తున్న చరణాలన్నీ నాకు పాడి వినిపించింది. కొన్ని పేటల్లో పడుచువాళ్లకు వాళ్ల చరణం రాదు. ముసలివాళ్లను అడిగి, పిల్లలకు నేర్పాను. గోదారి మధ్యనున్న లంక పేటలో ఒక పెద్దావిడ పీతలు కడుగుతూ నా వంక అనుమానంగా చూసింది.

“మా లంకోళ్ల చరణం నీకెందుకే? మా అత్త పోయినప్పుడు ఇక్కడే సమాధి దగ్గర పాడారు. మళ్లీ నేను పోయినప్పుడు పాడతారనుకున్నాను.”

“నువ్వుండగానే పాడిద్దామని పెద్దమ్మా.”

“ఎప్పుడు?”

“ప్రతిష్ఠ రోజున.”

“మూడేగా పాడేది?”

“ఈసారి అన్నీ పాడదాం.”

ఆవిడ పీతల గిన్నె పక్కన పెట్టింది. “ఆ కంట్రాక్టరుకి తెలుసా?”

“ఆయన మాట్లాడే పని చూసుకుంటారంట పెద్దమ్మా. మనది పాడే పని.”

ఆవిడ నవ్విన నవ్వుకు బోసినోరు మొత్తం కనిపించింది. “మీ నాయనమ్మ పోలికే. అదీ ఇంతే, చీమకైనా బాకీ ఉంచేది కాదు. ఎల్లు. మా వోళ్లందర్నీ పడవేసుకుని తీసుకొత్తాను.”

హార్మోనియం కూడా సిద్ధం చేశాను. గాలి సంచీ మీద ఎలుకలు కొట్టిన చోట సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాను. పెడళ్ల పట్టీలు కొత్తవి వేయించాను. ఈ పని మీద ఎంత శ్రద్ధ పెట్టానో ఏ పరీక్షకూ పెట్టలేదు.

ప్రతిష్ఠ రోజున పాత గుడి నిండిపోయింది. వరండాల్లో, కిటికీల బయట కూడా జనమే. ఎమ్మెల్యేగారి కారు నేరుగా కొత్త గుడి ముందు ఆగింది. ఆయన్ని అక్కడే షామియానా కింద కూర్చోబెట్టారు. ఒక పళ్లెంలో కత్తెర, గులాబీ రంగు రిబ్బను, చలవరాతి మీద ఆయన పేరు. ‘వీరి అమృత హస్తములచే ప్రారంభింపబడినది’ అని ముందే చెక్కించారు. ఆయనకు మధ్యాహ్నంలోపు నరసాపురంలో ఇంకో సభ ఉందని ఊరంతా తెలుసు. కార్యక్రమం కాగితం మీద ‘కీర్తన, ఆమేన్, ఊరేగింపు’ అని ఉంది. కీర్తన పెట్టింది కాంట్రాక్టరుగారే. పెద్దలను సంతోషపెట్టడానికి.

అయ్యగారు ప్రార్థన చేశారు. నేను మొదలుపెట్టాను. మూడు చరణాలు అయ్యాయి. జనం ఆమేన్ కోసం గొంతు సవరించుకున్నారు. నేను ఆగకుండా నాలుగోది ఎత్తుకున్నాను.

 కాలువ మొదటి పేటవాళ్లు లేచారు. పాడారు. కూర్చున్నారు. రెండో పేటవాళ్లు లేచారు. ఆ తరవాత నేను ఎవరినీ నడిపించనక్కర్లేదు. ఎవరి వంతు ఎప్పుడో వాళ్లకే తెలుసు. ముసలివాళ్లు ఏడుస్తూ పాడుతున్నారు. నేను నేర్పిన పిల్లలు అరుస్తూ పాడుతున్నారు. మా చరణం వచ్చినప్పుడు వెనక గోడ దగ్గర మా నాన్న లేచి నిలబడ్డారు. ఆయన గొంతు గుడిలో విని అప్పటికి చాలా కాలమైంది.

కమిటీలో ఒకాయన వంగుతూ నా దగ్గరికొచ్చాడు. “అమ్మా, ఆమేన్ కొట్టెయ్యమంటున్నారమ్మా.”

“ఇంకా పేటలున్నాయండి.”

వెళ్లాడు. మళ్లీ రెండు చరణాలయ్యాక కాంట్రాక్టరుగారే వచ్చాడు. పట్టు పంచె, కండువా, మొహం నిండా చెమట. నా చెవి దగ్గర వంగి పళ్లు బిగించి అన్నాడు. “అమ్మాయ్, ఆపు. ఎమ్మెల్యేగారు లేచారు.”

చేతులు ఆపకుండానే ఆయన మొహంలోకి చూశాను. “ఏ పేట దగ్గర ఆపమంటారండి? లంకవాళ్లు పడవేసుకుని వచ్చారు. వాళ్ల చరణం అవలేదు. వద్దని వాళ్లకి మీరే చెప్పండి. మాట్లాడ్డం మీ పని కదండీ.”

ఆయన తల తిప్పి గుడి వంక చూశాడు. లంకవాళ్లు అప్పటికే లేచి నిలబడి ఉన్నారు, ఆ పెద్దావిడ అందరికన్నా ముందు. ఆయన వంకే చూస్తున్నారు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు.  ఆయన నోట్లో మాట లేకపోవడం ఆ ఊరు చూడ్డం అదే మొదలు. నేను వాయిస్తూనే దాన్ని తనివితీరా చూశాను.

లంకవాళ్లు పాడుతుండగా బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు గట్టు వెంట దూరమయ్యేదాకా చివరి చరణం సాగింది. అప్పుడు ఆమేన్ వాయించాను. మూడుసార్లు, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా.

ఊరేగింపు కొత్త గుడి ముందుకు చేరేసరికి షామియానా కింద కుర్చీలు ఖాళీ. తాడేపల్లిగూడెం కుర్రాడు కీబోర్డు ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. కాంట్రాక్టరుగారు రిబ్బను తానే కత్తిరించాడు. ఫొటో తీసేవాడు ఎమ్మెల్యేగారి కారు వెనకే నరసాపురం వెళ్లిపోయాడు కాబట్టి దానికి ఫొటో కూడా లేదు. చలవరాయి మాత్రం అలాగే ఉంది. అమృత హస్తములు దాన్ని ముట్టుకోలేదు. ఊరెళ్లినప్పుడల్లా ఆగి మొత్తం చదువుతాను. మనసు బాగోలేనప్పుడు ఆ రాయి నాకు మందు.

ఆ తరవాత ఆయన కసి ఆయనా తీర్చుకున్నాడు. పాత గుడి నిలవలేదు. క్రిస్మస్ వెళ్లగానే కొట్టించేశాడు. నేను ఆపగలనని ఎప్పుడూ అనుకోలేదు. నాకు కావలసింది గోడలు కాదు. వరండాలో నవ్వినవాళ్లంతా ఆ రోజు గుడిలో కూర్చుని, మా నాన్నను వాయించుకోమన్న మనిషి ఆ వాయిద్యం ముందు మాట లేక నిలబడ్డం చూడాలి. చూశారు. వాళ్లలో ఒకాయన ప్రతిష్ఠ మర్నాడు మా ఇంటికొచ్చి, “మాస్టారూ, నిన్న భలే జరిగిందండి,” అన్నాడు. నాన్న నిటారుగా కూర్చుని, “మా ఇంట్లోవాళ్లకి వాయించడం వచ్చండి,” అన్నారు. ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

జనవరిలో వెళ్లాను. ఒంటరిగా వెళ్లాను. అక్కడి చలిలో దిగేసరికి అందరూ సగం ఏడాది స్నేహాలు కట్టుకుని ఉన్నారు. నేను సగంలో వచ్చిన మనిషిని. చదువు బాగానే చదివాను. మార్చిలో మా క్లాసువాళ్లు రాజమండ్రిలో పరీక్షలు రాస్తున్నారని ఉత్తరాలు వచ్చాయి. మే నెలలో తిరిగొచ్చి, ఇంకో ఏడాది హాస్టల్లో ఉండి, నాకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చుని ప్రాక్టికల్స్ చేశాను. నాతో చదివినవాళ్లు అప్పటికి ఎమ్మెస్సీలో ఉన్నారు. మేడం నన్ను చూసినప్పుడల్లా, “మీ గుడి బాగుందా?” అని దెప్పేది. బాగుందండీ అనేదాన్ని. బాగుంది కూడా.

ఆగస్టులో వెళ్లుంటే ఏడాది మిగిలేది, డబ్బు మిగిలేది, మా నాన్న మాత్రం గొడుగు పట్టుకుని వరండా దిగిన మనిషిగానే మిగిలిపోయేవారు. మళ్లీ అడిగినా జనవరే అంటాను.

నా టిక్కెట్టుకీ, ఆ ఇంకో ఏడాది హాస్టలుకీ కాలువ అవతల మాకు మిగిలిన అరెకరం కొబ్బరితోట అమ్మేశాం.